ఊహాలోకానికి పటం

పాఠ్యభాగ ఉద్దేశం

క్రీడ అనగానే మైదానమో, గెలుపోటములో మనసుకు తోస్తాయి. మాటలే సాధనంగా, కాగితం మీది పటమే రంగస్థలంగా సాగే ఒక ఆధునిక క్రీడను, ఆ క్రీడ కోసం పటాలు గీసే అభిరుచిని పరిచయం చేయడం. తెలిసినవాడు తెలియనివారి స్వేచ్ఛను ఎలా గౌరవించాలో ఆ అభిరుచి ద్వారా గ్రహింపజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

తెలుగునాట వైకుంఠపాళి ఎరుగని బాల్యం అరుదు. ఆ ఆటకే పరమపద సోపాన పటమని మరొక పేరు. ఒక ఆటను 'పటం' అని వ్యవహరించడం గమనింపదగిన విషయం. ఆ పటంలో అడుగు గడి నుండి పరమపదం వరకు దారి ఒక్కటే. పాచికలో ఎంత పడితే అంత ముందుకు సాగడమే తప్ప ఆటగాడు ఎన్నుకోవలసినదేదీ లేదు. నిచ్చెన ఎక్కినా, పాము నోట పడినా అది పందెం ఫలమే గాని అతని బుద్ధిబలం కాదు. పాపపుణ్యాల ఫలాన్ని బోధించదలచిన ఆటకు ఆ పద్ధతి తగినదే.

చదరంగం రీతి వేరు. భారతదేశంలో చతురంగంగా పుట్టి, పారశీక దేశం మీదుగా ప్రపంచమంతటా వ్యాపించిన ఈ ఆటలో ప్రతి ఎత్తూ ఆటగాని నిర్ణయమే. అయితే చదరంగపు బల్ల మీద దాపరికం లేదు. అరవైనాలుగు గడులు, ముప్పైరెండు పావులు ఇరువురికీ సమానంగా కనిపిస్తూనే ఉంటాయి. తెలియనిది ఒక్కటే, ఎదుటివాని మనసు.

ఈ రెండింటికీ భిన్నమైన మూడవ తరహా ఆట ఒకటి ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో రూపుదిద్దుకొన్నది. అందులో దారులు అనేకం. ఏ దారిన పోవాలో ఎన్నుకొనే స్వేచ్ఛ ఆటగానిదే. కాని ఆ దారులున్న పటం అతనికి కనిపించదు. అతడు అడిగి తెలుసుకోవాలి, నడిచి తెలుసుకోవాలి, తెలుసుకొన్నదాన్ని తానే గీసుకోవాలి. ఆంగ్లంలో 'రోల్‌ప్లేయింగ్ గేమ్' అని పిలిచే ఈ ఆటను తెలుగులో పాత్రధారణ క్రీడ అనవచ్చు. ఈ క్రీడ కోసం లేని ఊళ్ళకు, లేని కోటలకు పటాలు గీయడం వేలాదిమందికి ప్రీతిపాత్రమైన అభిరుచిగా పరిణమించింది.

ఆట తీరు

ఈ క్రీడకు మైదానం అక్కరలేదు. ఒక బల్ల, నలుగురైదుగురు మిత్రులు, కాగితాలు, పెన్సిళ్ళు, కొన్ని పాచికలు ఉంటే చాలు. మిత్రులలో ఒకరు నిర్వాహకులుగా ఉంటారు. మిగిలినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరిస్తారు. ఒకరు వీరుడు, ఒకరు వైద్యురాలు, ఒకరు మాంత్రికుడు, ఇంకొకరు తాళాలు తీయడంలో నేర్పరియైన దొంగ కావచ్చు. నాటకంలో పాత్రధారి పలుకవలసిన మాటలు ముందే రాసి ఉంటాయి. ఇక్కడ అవి ఉండవు. నిర్వాహకుడు సన్నివేశాన్ని వర్ణించి "ఇప్పుడు మీరేం చేస్తారు?" అని అడుగుతాడు. ఆటగాళ్ళు తమ పాత్రల స్వభావానికి, శక్తికి తగినట్లు బదులు చెబుతారు. చేయదలచిన పని సులభసాధ్యమైతే నెరవేరుతుంది. సందేహాస్పదమైతే పాచిక తీర్పు చెబుతుంది. ఆరు ముఖాల పాచికతోబాటు నాలుగు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాల పాచికలు కూడా ఇందులో వాడుకలో ఉన్నాయి. ఈ అయిదు ఆకృతులూ గ్రీకు తత్త్వవేత్త ప్లేటో పేరిట జ్యామితిలో ప్రసిద్ధికెక్కినవే.

ఆటగాళ్ళు ఒకరితో ఒకరు పోటీ పడరు. అందరూ కలిసి ఒక ప్రయత్నంలో ఉంటారు. నిర్వాహకుడు కూడా వారికి ప్రత్యర్థి కాడు. వారి ఎదుట ఒక లోకాన్ని నిలిపి, ఆ లోకంలో వారికి కన్నులూ చెవులూ తానే అయినవాడు. కాశీమజిలీ కథలలో గోపకుమారుడు దారిలో తాను చూచిన వింతను గూర్చి అడుగుతాడు. మణిసిద్ధుడు దాని వృత్తాంతాన్ని కథగా వినిపిస్తాడు. పాత్రధారణ క్రీడలోనైతే ఆ గోపకుమారుడు కథలోపలికే ప్రవేశించి, కథను తనకు తోచిన వైపు నడిపిస్తాడు.

పుట్టుపూర్వోత్తరాలు

ఈ క్రీడకు మూలం యుద్ధశిక్షణలో ఉన్నది. 1812లో ప్రష్యా దేశీయుడైన గెయోర్గ్ లెయోపోల్డ్ ఫాన్ రైస్‌విట్స్ ఒక యుద్ధక్రీడను రూపొందించి, రాజైన మూడవ ఫ్రెడరిక్ విలియంకు సమర్పించాడు. కొండలను, నదులను సూచించే పలకలను బల్లపై పేర్చి ఆడే ఆట అది. సైనికాధికారియైన ఆయన కుమారుడు 1824లో ఆ పలకలకు బదులు భూభాగాల పటాలను ప్రవేశపెట్టాడు. ఆ పటాల కొలమానం 1:8000. అనగా పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద 80 మీటర్లతో సమానం. శత్రుసేన ఎక్కడ ఉన్నదో ఏ పక్షానికీ నేరుగా తెలియదు. ఇరుపక్షాల ఆజ్ఞలను స్వీకరించి, ఎవరికి ఎంత కనబడుతుందో నిర్ణయించి చెప్పే మధ్యస్థుడు ఒకడు ఉంటాడు. అంతా తెలిసినవాడు ఒకడు, తెలియక వెదికేవారు మరికొందరు అనే ఏర్పాటు ఆ విధంగా స్థిరపడింది.

1969లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో డేవిడ్ వెస్లీ అనే యువకుడు ఈ ఏర్పాటును మరొక మలుపు తిప్పాడు. అతని ఆటకు రంగం నెపోలియన్ కాలపు జర్మనీలో బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత పట్టణం. దాన్ని పట్టుకోవడానికి సేనలు వస్తున్నాయి. వెస్లీ సేనానాయకుల పాత్రలతో ఆగక, పట్టణాధ్యక్షుడు, విశ్వవిద్యాలయాధిపతి వంటి పాత్రలను కూడా మిత్రులకు అప్పగించాడు. యుద్ధం మొదలుకాకముందే ఆ మిత్రులు పట్టణంలో తిరగసాగారు, మంతనాలు జరిపారు, ఇద్దరైతే ద్వంద్వయుద్ధానికి సవాలు విసురుకొన్నారు. నియమావళిలో లేని ఈ పనులన్నింటికీ వెస్లీ అప్పటికప్పుడు తీర్పులు కల్పించవలసి వచ్చింది. అనుకొన్న యుద్ధం జరగనే లేదు. ఆట చెడిపోయిందని అతడు భావించాడు. మిత్రులు మాత్రం అటువంటి ఆట మళ్ళీ కావాలని కోరారు.

ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ 1971 నాటికి 'బ్లాక్‌మూర్' అనే కల్పిత రాజ్యాన్ని నిర్మించాడు. అక్కడి కోట కింద ఉన్న భూగృహాలను గళ్ళకాగితం మీద గీసి, మిత్రులను వాటిలోకి పంపాడు. 1972 చివర అతడు విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవాకు వెళ్ళి, గ్యారీ గైగాక్స్‌కు ఆ ఆటను చూపాడు. ఇరువురి కృషి ఫలితంగా 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వెలువడింది. ఒక చిన్న పెట్టెలో మూడు సన్నని పుస్తకాలు. తొలి ముద్రణ వేయి ప్రతులు. ఆటకు పూనుకొనే నిర్వాహకుడు ముందుగా భూగృహాల పటాలను గీసి సిద్ధం చేసుకోవాలని మూడవ పుస్తకం ఆదేశిస్తుంది. ఈ క్రీడ పుట్టుకలోనే పటం ఉన్నదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. గైగాక్స్ 2008లో, ఆర్నెసన్ 2009లో మరణించారు. వారి క్రీడ 2024లో యాభై సంవత్సరాలు పూర్తి చేసుకొన్నది.

రెండు పటాలు

నిర్వాహకుడు తన పటాన్ని ఒక అట్టతెర వెనుక ఉంచుకొంటాడు. ఆటగాళ్ళలో ఒకరు పటలేఖనానికి పూనుకొని, నిర్వాహకుని మాటలను విని తమ పటాన్ని తామే గీస్తారు. ఒకే చోటికి రెండు పటాలన్నమాట. ఒకటి తెలిసినవాని పటం. మరొకటి తెలుసుకొంటున్నవారి పటం. ఈ రెండింటి మధ్య ఉన్న వ్యత్యాసంలోనే ఆట ఇమిడి ఉన్నది. రెండూ ఒకటైననాడు అన్వేషణ ముగుస్తుంది.

ఒక ఉదాహరణను చూడవచ్చు. నలుగురు మిత్రులు ధరించిన పాత్రలు శిథిలమైన కోట అడుగుకు దిగాయి.

"మెట్లు ముగిశాయి. మీ ఎదుట పది అడుగుల వెడల్పున్న నడవ ఉత్తరంగా సాగుతున్నది. ముప్పై అడుగుల దూరంలో తూర్పుకు తిరుగుతున్నది. గోడలు చెమ్మగా ఉన్నాయి" అని నిర్వాహకుడు చెబుతాడు.

"మలుపు దగ్గర వెలుతురు ఏమైనా ఉన్నదా?" అని వీరుని పాత్రధారి అడుగుతాడు.

"లేదు. ఎక్కడో నీళ్ళు చుక్కలుగా పడుతున్న చప్పుడు మాత్రం వినవస్తున్నది."

పటలేఖకురాలు మూడు గడులు పైకి గీసి, గీతను కుడికి తిప్పుతుంది. గంట గడిచేసరికి ఆమె కాగితం మీద ఏడు గదులు, మూడు నడవలు ఉంటాయి. ఆమె ఆ కాగితాన్ని తేరిపార చూచి, "ఈ గదుల నడుమ ఇరవై అడుగుల చోటు ఖాళీగా మిగిలింది. నలుదిక్కులా కట్టడం ఉన్నది. నడుమ ఏమీ లేకుండా ఎవరైనా కడతారా?" అంటుంది. అందరూ వెనుకకు మరలి, ఆ గోడను తట్టి చూస్తారు. ఒకచోట డొల్లగా మోగుతుంది. అక్కడ రహస్యద్వారం ఉన్నది. దాని జాడను ఏ పాచికా చెప్పలేదు, ఏ మంత్రమూ చూపలేదు. గీయకుండా మిగిలిన చోటే చెప్పింది.

దీనికి విపర్యయం కూడా జరుగుతుంది. నిర్వాహకుడు ముప్పై అడుగులన్నదాన్ని ఇరవైగా విన్నవారి కాగితం మీద రెండు గదులు ఒకదానిపైకి ఒకటి ఎక్కుతాయి. అప్పుడు తప్పు ఎక్కడ దొర్లిందో వెనుకకు వెళ్ళి వెదకాలి. కొన్నిసార్లు తప్పు విన్నవారిది కాదు, చెప్పినవానిది. 'పెద్ద గది' అంటే ఒక్కొక్కరి మనసులో ఒక్కొక్క కొలత. 'నలభై అడుగుల పొడవు, ముప్పై అడుగుల వెడల్పు, పడమటి గోడకు ఒక తలుపు' అంటే అందరి కాగితాల మీదా ఒకే గీత పడుతుంది. వినడంలో శ్రద్ధను, చెప్పడంలో స్పష్టతను ఈ ఆట ఏకకాలంలో అలవరుస్తుంది.

గడులు, కొలతలు

పటానికి ప్రాణం కొలమానం. తొలినాళ్ళలో భూగృహ పటాల మీద ఒక గడి పది అడుగులకు గుర్తు. 2000లో వెలువడిన మూడవ కూర్పు నుండి అయిదు అడుగుల గడి ప్రమాణమయింది. పాత్రల చిన్నబొమ్మలను నిలిపి ఆడే పెద్ద పటం మీద ఆ గడి ఒక అంగుళం ఉంటుంది.

గదులకు, నడవలకు చదరపు గడులు చక్కగా అమరుతాయి. ఆరుబయట మాత్రం వాటితో ఒక చిక్కు ఉన్నది. పక్క గడికి దూరం ఒకటి అనుకొంటే, మూలనున్న గడికి దూరం సుమారు 1.4 అవుతుంది. ఏటవాలుగా నడిచేవానికి లెక్క తప్పుతుంది. తేనెపట్టు వంటి షడ్భుజుల పటంలో ఈ చిక్కు ఉండదు. ఒక షడ్భుజి కేంద్రం నుండి చుట్టూ ఉన్న ఆరు షడ్భుజుల కేంద్రాలూ సమాన దూరంలో ఉంటాయి. యుద్ధక్రీడలను ప్రచురించే అవలాన్ హిల్ సంస్థ 1961 నాటికే ఈ గడులను వాడింది. పాత్రధారణ క్రీడ అడవులకు, ఎడారులకు, సముద్రాలకు దీన్ని స్వీకరించింది.

కొలమానం అలంకారం కాదు. ఒక షడ్భుజి ఆరు మైళ్ళనుకొంటే, రోజుకు ఇరవైనాలుగు మైళ్ళు నడిచే బృందం నాలుగు గడులు దాటుతుంది. కొండదారియైతే రెండే. అంటే ఎనిమిది గడుల అవతల ఉన్న ఊరికి చదునైన నేల మీద రెండు రోజుల తిండి చాలు; కొండల మీదుగా నాలుగు రోజుల తిండి మోయాలి. దగ్గరి దారియా, సుఖమైన దారియా అన్న తర్కం ఆ లెక్క నుండే పుడుతుంది.

దారుల కూర్పు

కొత్తగా పటం గీసేవారు తరచుగా గదులను పూసలవలె ఒకే దారానికి గుచ్చుతారు. మొదటి గది దాటితే రెండవది, రెండవది దాటితే మూడవది. పటం చూడముచ్చటగా ఉండవచ్చు. కాని అందులో ఆటగాడు ఎటు తిరిగినా నిర్వాహకుడు తలచిన చోటికే చేరుతాడు. పైకి స్వేచ్ఛ ఉన్నట్లు కనిపించే వైకుంఠపాళియే అది.

ఈ లోపాన్ని సవరించి చూపినవారిలో జెనెల్ జేక్వేస్ (1956–2024) అగ్రగణ్యురాలు. 1979లో వెలువడిన ఆమె 'కావర్న్స్ ఆఫ్ థ్రేసియా'లో భూగృహంలోకి ప్రవేశించడానికి ఒకటికి మించిన దారులున్నాయి. దారులు చుట్టు తిరిగి ఒకదానితో ఒకటి కలుస్తాయి. కొన్ని మెట్లు ఒక అంతస్తును విడిచి దాని కిందిదానికి తీసుకొనిపోతాయి. ఇటువంటి పటంలో కాపలావాడున్న గదిని ఎదురుగా చేరవచ్చు. చుట్టుదారిన వెనుకకు రావచ్చు. అసలు అతన్ని కదిలించకుండానే సాగిపోవచ్చు. ఏది తగిన ఉపాయమో నిర్ణయించేది పటం కాదు, ఆటగాళ్ళు. నేటికీ పటలేఖకులు ఆమె కూర్పును ఆదర్శంగా అధ్యయనం చేస్తారు. గీసిన పటంలో ఒక్క చుట్టుదారి చేర్చినా ఆట స్వరూపం మారిపోతుందని వారి అనుభవం.

ఆరుబయటి పటానికి ప్రకృతి నియమాలే గురువులు. నది ఎత్తు నుండి పల్లానికి పారుతుంది. ఉపనదులు వచ్చి కలుస్తాయే గాని, నడిదారిలో నది రెండుగా చీలి రెండు సముద్రాలకు పోవడం అత్యంత అరుదు. సముద్రాన్ని సమీపించినప్పుడు మాత్రం ధవళేశ్వరం దిగువన గోదావరివలె పాయలుగా విడిపోతుంది. ఎత్తైన పర్వతశ్రేణికి గాలివాటున వానలు, అవతలివైపున మెట్టనేలలు ఉంటాయి. నదీసంగమం, రేవు, కనుమదారి ఉన్నచోట ఊరు వెలుస్తుంది. ఊహాలోకమైనా ఈ కార్యకారణ సంబంధం తప్పితే చూచేవారి మనసుకు పట్టదు. కల్పన చేసేవానికి భూగోళశాస్త్రం ఎందుకని ప్రశ్నించేవారికి ఇదే సమాధానం.

ఖాళీస్థలాన్ని ఆకర్షణగా మలచిన రచన 1981లో డేవిడ్ కుక్, టామ్ మోల్డ్‌వే కూర్చిన 'ది ఐల్ ఆఫ్ డ్రెడ్'. ఒక దూరద్వీపంలో సాగే ఈ సాహసంలో నిర్వాహకునికి పూర్తి పటం ఉంటుంది. ఆటగాళ్ళకు అందే పటంలో తీరరేఖ మాత్రమే గీసి ఉంటుంది. నడుమ అంతా తెల్లని షడ్భుజులే. ద్వీపంలో ఏమున్నదో తెలుసుకోగోరితే ఒక్కొక్క గడిలో అడుగుపెట్టి, దాన్ని తామే నింపుకోవాలి.

పటం నుండి కథ

పటమే ముందు పుట్టి కథకు ప్రాణం పోయడం సాహిత్యంలోనూ ఉన్నది. 1881లో స్కాట్లండులోని బ్రేమర్ గ్రామంలో రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ సవతి కుమారునితో ఉల్లాసంగా కాలక్షేపం చేస్తూ ఒక ద్వీపం పటాన్ని గీసి, రంగులు వేశాడు. ఆ కొండలను, రేవులను చూస్తుండగా పాత్రలు కన్నులకు కట్టాయి. 'ట్రెజర్ ఐలండ్' అలా జన్మించింది. 1883లో పుస్తకరూపం దాల్చే సందర్భంలో ప్రచురణకర్తలకు పంపిన ఆ మూలపటం వారికి చేరనే లేదు. స్టీవెన్సన్ తన రచనను మళ్ళీ చదివి, అందులోని దూరాలను, దిక్కులను ఏరి, వాటికి సరిపోయే పటాన్ని తండ్రి కార్యాలయంలో కొత్తగా గీయించవలసి వచ్చింది. ఆ రెండవ పటం తనకు ఎన్నడూ అసలు ద్వీపమనిపించలేదని ఆయన తర్వాత రాశాడు. మొదటి పటంలో ఏ కథనైనా పుట్టించగల ఖాళీలున్నాయి. రెండవదానిలో జరిగిపోయిన కథ ఒక్కటే ఉన్నది.

సాధనాలు

ఈ అభిరుచికి ఖర్చు స్వల్పం. గళ్ళకాగితం, పెన్సిలు, రబ్బరు, నల్లసిరా కలం ఉంటే ఆరంభించవచ్చు. ముందు పెన్సిలుతో గదుల హద్దులు గీసి, దారులను కలుపుతారు. తలుపులకు, మెట్లకు, నూతులకు చిన్న గుర్తులు నిర్ణయించుకొని, వాటి వివరణను పటం మూలన రాస్తారు. ఉత్తరదిక్కును, కొలమానాన్ని తప్పక సూచిస్తారు. గదులకు అంకెలు వేసి, ఏ అంకెగల గదిలో ఏమున్నదో వేరే కాగితం మీద రాసుకొంటారు. చివరకు గోడల వెలుపలి అంచున పొట్టిగీతలను గుత్తులుగా గీస్తే గదులు తెల్లగా, చుట్టూ ఉన్న రాతినేల ముదురుగా తేలివస్తాయి. 1993లో 'క్యాంపెయిన్ కార్టోగ్రాఫర్' వంటి కంప్యూటరు సాధనాలు వచ్చాయి. 2012లో మొదలైన 'రోల్20' వల్ల వేర్వేరు ఊళ్ళలో ఉన్నవారు ఒకే పటం ముందు కూర్చోగలుగుతున్నారు. అయినా చేతితో గీసే పటం మీద మోజు తగ్గలేదు.

నిర్వాహకుని ధర్మం

1980వ దశకంలో అమెరికాలో ఈ క్రీడ యువకుల మనసులను చెరుస్తుందని, ఊహకు వాస్తవానికి భేదం తెలియకుండా చేస్తుందని కొందరు ఆరోపించారు. ఆ ఆరోపణలు రుజువుకు నిలవలేదు. పెన్సిలు చెక్కుకొంటూ, గడులు లెక్కపెట్టుకొంటూ, పక్కవారితో వాదించుకొంటూ ఆడేవారికి తాము ఊహలో ఉన్నామన్న స్పృహ ఎప్పుడూ ఉంటుంది. అయితే ఈ క్రీడలో నిజమైన నైతిక సమస్య ఒకటి లేకపోలేదు. అది అట్టతెర వెనుక ఉన్నది.

ఎడమదారి, కుడిదారి కలిసే చోట ఆటగాళ్ళు నిలిచారు. కుడిదారి చివర నిర్వాహకుడు ఎంతో శ్రమపడి కల్పించిన అద్భుతమైన మందిరం ఉన్నది. ఎడమదారి చివర పాడుబడిన ధాన్యపుకొట్టు. ఆటగాళ్ళు అరగంట తర్కించి ఎడమదారిని ఎన్నుకొన్నారు. ఇప్పుడు నిర్వాహకుడు ఆ మందిరాన్ని ఎడమవైపుకు జరపగలడు. పటం అతని ఒక్కనికే కనిపిస్తుంది. మార్చినట్లు ఎవరికీ తెలియదు. వారికి వినోదం దక్కుతుంది. తన శ్రమ ఫలిస్తుంది. మరి అందులో తప్పేమిటి?

వినోదమే ప్రధానమని, మార్చడం దోషం కాదని తలచే నిర్వాహకులూ ఉన్నారు. కాని అలా మార్చిననాడు వారి అరగంట తర్కానికి విలువ లేకుండా పోయింది. ఎటు పోయినా చేరేది ఒక్కచోటికే అయినప్పుడు వారు ఎన్నుకొన్నది దారిని కాదు, దారి పేరును మాత్రమే. గీయనిచోట కల్పించవచ్చు, గీసినచోట మార్చరాదు అనే నియమాన్ని అనుభవజ్ఞులైన నిర్వాహకులు పలువురు పాటిస్తారు. ఎవరూ చూడని పటం పట్ల చూపే ఆ నిజాయితీయే ఆటకు ఆధారం. తనకు తెలిసినది ఎదుటివారికి తెలియనప్పుడు ఆ తెలియమిని వాడుకోక, వారిని వారి దారిన పోనివ్వడం తల్లిదండ్రులకు, గురువులకు, నాయకులకు కూడా కష్టమైన పనే.

ఆట ముగిసిన రాత్రి నిర్వాహకుడు అట్టతెర తీసి, రెండు పటాలను పక్కపక్కన ఉంచుతాడు. ఒకటి తీర్చిదిద్దినది; మరొకటి రబ్బరు మరకలతో, దిద్దుబాట్లతో నలిగినది. మిత్రులు తాము తప్పుగా గీసిన మలుపులను చూచి నవ్వుకొంటారు. మొదటి పటంలో వారు అడుగుపెట్టని మందిరం ఒకటి మిగిలి ఉన్నది. దాన్ని గీయడానికి నిర్వాహకునికి ఒక సాయంకాలం పట్టింది. ఆ సాయంకాలం వృథా కాలేదు. ఆ మందిరం తన చోటనే నిలిచి ఉన్నందువల్లనే, దాన్ని కాదని వారు నడిచిన దారి నిజంగా వారిదయింది.

కఠిన పదాలు – అర్థాలు

సోపానం : మెట్టు
నడవ : గదులను కలిపే ఇరుకైన దారి
కొలమానం : నేల మీది దూరానికి, పటం మీది దూరానికి గల నిష్పత్తి
విపర్యయం : తారుమారు
షడ్భుజి : ఆరు భుజాల ఆకృతి
అగ్రగణ్యురాలు : మొదట లెక్కింపదగినది
తెలియమి : తెలియకపోవడం

అభ్యాసం

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పాత్రధారణ క్రీడ పుట్టుపూర్వోత్తరాలను వివరించండి.
2. 'గీయనిచోట కల్పించవచ్చు, గీసినచోట మార్చరాదు' అనే నియమాన్ని సమర్థిస్తూ గాని, విమర్శిస్తూ గాని వ్యాసం రాయండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. వైకుంఠపాళికి, చదరంగానికి, పాత్రధారణ క్రీడకు గల భేదాలేవి?
2. ఆరుబయటి పటాలకు షడ్భుజులు ఎందుకు అనువైనవి?
3. స్టీవెన్సన్ గీసిన మొదటి పటానికి, తర్వాతి పటానికి గల తేడా ఏమిటి?

ఇ. క్రింది పదాలను విడదీసి, సంధి పేరు తెలపండి.
స్వేచ్ఛ, అత్యంత, ఏమున్నదో

ఈ. మీ కళాశాల ఆవరణకు కొలమానంతో, దిక్కులతో పటం గీయండి. ఆవరణను చూడని మిత్రునికి దాన్ని మాటలలో మాత్రమే వర్ణించి చెప్పండి. అతడు గీసిన పటాన్ని మీ పటంతో పోల్చి, తేడాలకు కారణాలు రాయండి.